కింగ్ రాంచ్ చికెన్ కాసరోల్: ఈ టెక్సస్ పొరల వంటకం మన రాత్రి భోజనానికి నప్పుతుందా?

టెక్సస్‌లో కొంతకాలంగా ఉంటున్న తెలుగువాళ్ళు కింగ్ రాంచ్ చికెన్ కాసరోల్ పేరు వినే ఉంటారు. బడిలో టీచర్ల కోసం తల్లిదండ్రులు ఏర్పాటు చేసే భోజనాల్లోనో, ఆఫీసులో తలా ఒక వంటకం తెచ్చుకొనే విందుల్లోనో, సూపర్‌మార్కెట్ ఫ్రీజర్ అరల్లోనో అది ఎదురుపడుతూనే ఉంటుంది. విందులో ఒక గరిటెడు వడ్డించుకొని రుచి చూడడం వేరు, ఇంట్లో అదే రాత్రి భోజనంగా పెట్టి పెద్దవాళ్ళకూ పిల్లలకూ కడుపునిండా తినిపించడం వేరు. డాలస్ శివార్లలోని మా ఇంట్లో ఈ చలికాలం కొనుక్కొచ్చిన ట్రేను, డబ్బా సూపులతో చేసే పాత పద్ధతిని, ఆ డబ్బాల జోలికి పోకుండా మొదటినుంచీ చేసుకొనే పద్ధతిని వరసగా ప్రయత్నించి చూశాం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ వంటకం కుటుంబ భోజనానికి చాలా మంచిది. ఫ్రీజర్ ట్రే మాత్రం తీరిక లేని రోజున గండం గట్టెక్కించడానికి పనికొస్తుంది, అంతకుమించి దానినుంచి ఆశించకూడదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాలో ముప్పాతిక వంతు ఒకే విషయంలో ఉంది: మొక్కజొన్న టోర్టియాలను, అంటే మెక్సికో తరహా పల్చటి రొట్టెలను, పొరలుగా పేర్చే ముందు వాటిని ఏం చేశారన్నది.

తెలియనివారి కోసం వంటకం స్వరూపం చెప్పాలి. తొమ్మిది అంగుళాల వెడల్పు, పదమూడు అంగుళాల పొడవు ఉన్న పళ్ళెంలో అడుగున కాస్త సాసు రాసి, దానిమీద మొక్కజొన్న టోర్టియాల ముక్కలు పరిచి, వాటిమీద ఉడికించి పీచులుగా విడదీసిన కోడిమాంసం, వేయించిన ఉల్లిపాయ, కాప్సికం, పచ్చిమిర్చి కలిపిన టమాటా ముక్కలు, చిక్కటి తెల్లని సాసు, తురిమిన చీజ్ వేస్తారు. అదే వరసలో మళ్ళీ ఒకటి రెండు పొరలు పేర్చి, పైన చీజ్ చల్లి, 350 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో, అంటే సుమారు 175 డిగ్రీల సెల్సియస్‌లో, ముప్పై నలభై నిమిషాలు బేక్ చేస్తారు. అంచుల్లో సాసు బుడగలు వచ్చి, పైన చీజ్ అక్కడక్కడ గోధుమరంగుకు తిరిగితే అయినట్లే. ఏడెనిమిది మందికి సరిపోతుంది.

మెక్సికో వంటల ప్రేరణ ఇందులో ఉన్నప్పటికీ ఇది మెక్సికో వంటకం కాదు. టోర్టియా ముక్కలను సల్సాలో మగ్గించి చేసే చిలాకీలెస్, టోర్టియాలనూ కాల్చిన పొబ్లానో మిరపకాయలనూ చీజ్‌నూ పొరలుగా పేర్చి చేసే పాస్తెల్ అస్తేకా అక్కడి ఇళ్ళలో చేసుకొనే అసలైన వంటకాలు. ఆ పోలికలు తీసుకొని అమెరికా డబ్బా సూపులతో కలిపి టెక్సస్ గృహిణులు తయారుచేసుకొన్నదే ఈ కాసరోల్. పేరులో ఉన్న కింగ్ రాంచ్ దక్షిణ టెక్సస్‌లో కింగ్స్‌విల్ చుట్టూ 8,25,000 ఎకరాల్లో విస్తరించిన పశువుల క్షేత్రం. కెప్టెన్ రిచర్డ్ కింగ్ దాన్ని 1853లో ప్రారంభించాడు. ఆవులకు పేరుపడ్డ ఆ క్షేత్రానికీ ఈ కోడిమాంసపు వంటకానికీ సంబంధం ఉందనడానికి ఆధారాలేమీ లేవు. అయితే ఆ క్షేత్రానికీ మన ప్రాంతానికీ నిజమైన చుట్టరికం ఒకటి ఉంది. అక్కడ రూపొందించిన సాంటా గెర్ట్రూడిస్ అనే పశుజాతిని అమెరికా వ్యవసాయశాఖ 1940లో ప్రత్యేక జాతిగా గుర్తించింది. అది షార్ట్‌హార్న్, బ్రాహ్మన్ జాతుల సంకరం. అమెరికా బ్రాహ్మన్ జాతికి మూలమైన భారతీయ పశువుల్లో గిర్, కాంక్రేజ్‌లతో పాటు, అక్కడ నెలోర్ అని పిలిచే మన ఒంగోలు జాతి కూడా ఉంది. ఈ వంటకం పేరు విన్నప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తుకొచ్చి సంతోషం కలుగుతుంది.

వంటకంలోని డబ్బాలకు కూడా ఒక కాలం ఉంది. క్యాంప్‌బెల్ కంపెనీ పుట్టగొడుగుల క్రీమ్ సూపును 1934లో మార్కెట్లోకి తెచ్చింది. పచ్చిమిర్చి కలిపిన టమాటా ముక్కల డబ్బా రోటెల్ 1940లలో టెక్సస్‌లోని ఎల్సా అనే చిన్న ఊరిలో కార్ల్ రొయెటెల్ పెట్టిన కార్ఖానాలో మొదలైంది. ఆ తరువాతి దశాబ్దాల్లో డబ్బా సూపుతో సాసు చేసే అలవాటు అమెరికా ఇళ్ళలో స్థిరపడింది. ఒక పుట్టగొడుగుల సూపు డబ్బా, ఒక చికెన్ సూపు డబ్బా, ఒక రోటెల్ డబ్బా తెరిచి కలిపితే సాసు సిద్ధమైపోయే సౌకర్యంవల్లే ఈ వంటకం ఇన్ని ఇళ్ళకు పాకింది. ఆ సౌకర్యాన్ని చిన్నచూపు చూడనవసరం లేదు. కాని ఆ సౌకర్యానికి రుచి ఎంత మూల్యం చెల్లిస్తోందో తెలుసుకొని ఎంచుకోవడం మంచిది.

ముందుగా కొన్న ట్రే సంగతి. మా ఇంటికి దగ్గరలోని ఒక సూపర్‌మార్కెట్‌లో, ఆ దుకాణం సొంత పేరుతో అమ్మే, నలుగురైదుగురికి సరిపడే ట్రేను తెచ్చాం. అల్యూమినియం పళ్ళెం పల్చగా ఉండి, పట్టుకొంటే మధ్యలో వంగిపోతుంది కాబట్టి దాన్ని గట్టి బేకింగ్ పళ్ళెంమీద పెట్టి ఓవెన్‌లోకి తోయడం క్షేమం. అట్టపెట్టె మీద రాసిన సమయం ప్రకారం బయటకు తీసినప్పుడు అంచులు కుతకుతలాడుతున్నాయి, పైన చీజ్ చక్కగా ఎర్రబడింది, కాని మధ్యలో చాకు గుచ్చి తీస్తే చాకు మొన చల్లగా ఉంది. కోడిమాంసం ఉన్న వంటకం మధ్యభాగం 165 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలన్నది ఇక్కడి ఆహారభద్రతా నియమం. థర్మామీటరు గుచ్చి చూస్తూ, పైన మాడకుండా ఫాయిల్ కప్పి, ఇంకో పాతిక నిమిషాలు ఉంచవలసి వచ్చింది. పిల్లలు ఆకలితో ఎదురుచూసే వేళ ఈ పాతిక నిమిషాలు చిన్న విషయం కాదు. కొనేవారు పెట్టెమీది సమయానికి అరగంట కలుపుకొని లెక్క వేసుకోవాలి.

రుచి విషయానికొస్తే మొదటి ముద్దకు ఉప్పు, ఆ వెనక క్రీము, చివర్లో ఎక్కడో కాస్త జీలకర్ర తగిలాయి. మిరపకాయ జాడ దాదాపు లేదు. కోడిమాంసం మెత్తగానే ఉంది, మాంసం పరిమాణం కూడా తక్కువేమీ కాదు, ఆ విషయంలో దుకాణాన్ని మెచ్చుకోవాలి. అసలు లోపం టోర్టియాలో ఉంది. పొరలుగా ఉండవలసినది పొరలు విడివడకుండా ఒకే ముద్దగా మారిపోయింది. చెంచాతో తీస్తే జావలా జారింది. మా పదేళ్ళ అబ్బాయి ఇష్టంగానే తిన్నాడు. కాలేజీకి వెళ్ళబోయే మా అమ్మాయి మాత్రం రెండు ముద్దలయ్యాక, "అమ్మా, ఇందులో నమలడానికి ఏమీ లేదు" అంది. అన్నిటికంటే సరిగ్గా తప్పును పట్టుకొన్న మాట అదే.

అక్కడినుంచి నా దృష్టంతా టోర్టియామీదికి మళ్ళింది. ఈ వంటకంలో వాడేది గోధుమపిండి టోర్టియా కాదు, మొక్కజొన్న టోర్టియా. గోధుమ టోర్టియా వేస్తే సాసులో సాగుడుగా, జిగటగా తయారవుతుంది, మొక్కజొన్న వాసన కూడా ఉండదు. మొక్కజొన్న టోర్టియా చేసే పద్ధతి మెక్సికోలో వేల సంవత్సరాలుగా ఉంది. ఎండిన గింజలను సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి, రుబ్బితే వచ్చే ముద్దనుంచి వాటిని చేస్తారు. సున్నంవల్ల గింజ పైపొట్టు వదులుతుంది, పిండికి సాగే గుణం వస్తుంది, గింజలో బంధించబడి ఉన్న నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పట్టే రూపంలోకి మారుతుంది. ఈ ప్రక్రియ తెలియని దేశాల్లో మొక్కజొన్నే ప్రధాన ఆహారమైన బీదజనం పెల్లాగ్రా అనే జబ్బుతో బాధపడ్డారు. తెనాలినుంచి మా దగ్గర కొన్నాళ్ళుండడానికి వచ్చిన అత్తయ్యగారికి రోజూ తాంబూలం వేసుకొనే అలవాటు ఉంది. నేను టోర్టియాల పొట్లం విప్పి పెనం మీద వేడి చేస్తుంటే ఆవిడ పక్కన నిలబడి, "అమ్మాయ్, ఇందులోంచి సున్నం వాసన వస్తోందేమిటి?" అని అడిగారు. "సున్నపు నీళ్ళలో ఉడికించిన మొక్కజొన్నలతో చేస్తారత్తయ్యా" అంటే ఒక ముక్క తుంచి నోట్లో వేసుకొని, బాగుందన్నట్లు తల ఊపారు. మంచి టోర్టియాను గుర్తుపట్టే ఆనవాలు ఆ వాసనే. పొట్లం మీద ముడిసరుకుల జాబితాలో మొక్కజొన్న, నీళ్ళు, సున్నం తప్ప ఇంకేమీ లేకపోతే అది తీసుకోవచ్చు.

ఇక వాటిని పొరలుగా వేసే ముందు ఏం చేయాలన్న ప్రశ్న. పొట్లంలోంచి తీసినవి తీసినట్లు చించి వేయమని చాలా వంటపుస్తకాలు చెబుతాయి. అలా వేస్తే టోర్టియా సాసులోని నీళ్ళన్నీ పీల్చుకొని అరగంటలో విచ్చిపోతుంది. సాసులో ముంచి వేయమని కొందరు చెబుతారు, దానివల్ల విచ్చిపోవడం ఇంకా త్వరగా జరుగుతుంది. మెక్సికోలో ఎంచిలాడాలు, అంటే లోపల కూరిన టోర్టియా చుట్టలమీద సాసు పోసిన వంటకం, చేసేవారు టోర్టియాను ముందుగా వేడినూనెలో ఒక్కోవైపు కొద్ది క్షణాలు మాత్రమే ముంచి తీస్తారు. కరకరలాడేలా వేయించరు, పచ్చిగానూ ఉంచరు. నూనె పల్చని పొరగా పట్టడంవల్ల సాసు నెమ్మదిగా ఇంకుతుంది, వేడి తగలడంవల్ల పొట్లంలో గట్టిపడ్డ టోర్టియా మళ్ళీ మెత్తబడి వంగుతుంది. కాసరోల్‌కు కూడా ఇదే పద్ధతి అన్నిటికంటే బాగా పనిచేసింది. ఆవడల కోసం వేసిన గారె పెరుగును పీల్చుకొంటూనే తన ఆకారాన్ని నిలుపుకోవాలి కదా, ఇక్కడ టోర్టియా చేయవలసిన పని అదే. నూనె తక్కువ వాడాలనుకొనేవారు టోర్టియాలకు రెండువైపులా చేత్తో నూనె రాసి, 400 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో అంచులు కాస్త బిగిసేదాకా ఐదారు నిమిషాలు ఉంచితే దాదాపు అదే ఫలితం వస్తుంది. అలా చేసిన రోజున చాకుతో కోస్తే చతురస్రంగా ముక్క వచ్చింది, పక్కనుంచి చూస్తే పసుపు, తెలుపు, మళ్ళీ పసుపు గీతలుగా పొరలు వేటికవి కనిపించాయి. ఓవెన్‌లోంచి తీశాక పదిపదిహేను నిమిషాలు కదపకుండా ఉంచడం కూడా ఇందుకు అవసరం. వెంటనే కోస్తే ఎంత జాగ్రత్తగా చేసినా ముక్క కూలిపోతుంది.

డబ్బా సూపుల పద్ధతి చేసిన రోజున పని చాలా తేలికైంది, ఆ మాట ఒప్పుకోవాలి. దుకాణంలో కాల్చి అమ్మే రోటిసరీ కోడిని తెచ్చుకొంటే మాంసం ఉడికించే పని కూడా ఉండదు. కాని రెండు సూపు డబ్బాల్లోని ఉప్పు, చీజ్‌లోని ఉప్పు, కోడికి పట్టించిన ఉప్పు అన్నీ ఒకచోట చేరతాయి. అమెరికాలో పెద్దవాళ్ళు రోజుకు 2,300 మిల్లీగ్రాముల సోడియం దాటవద్దని చెబుతారు. సూపు డబ్బా లేబుల్ మీది అంకెలను ఒకసారి కూడి చూస్తే, రక్తపోటు ఉన్న పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇది తరచుగా వండదగ్గది కాదని అర్థమవుతుంది. తక్కువ ఉప్పు డబ్బాలు దొరుకుతాయి, కాని వాటిలో కూడా రుచి ఒకే ధోరణిలో, చప్పగా ఉంటుంది.

డబ్బా లేకుండా సాసు చేసుకోవడం అనుకొన్నంత శ్రమ కాదు. నాలుగు టేబుల్‌స్పూన్ల వెన్న కరిగించి, అంతే మైదా వేసి పచ్చివాసన పోయేదాకా వేయించి, కోడిని ఉడికించిన నీళ్ళు రెండు కప్పులు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు కట్టకుండా కలిపితే పావుగంటలో చిక్కటి సాసు తయారవుతుంది. పొయ్యి కట్టేశాక అరకప్పు సోర్ క్రీమ్ కలపాలి, మరిగే సాసులో వేస్తే అది విరిగిపోతుంది. సోర్ క్రీమ్ ఇంట్లో లేకపోతే నీళ్ళు వడకట్టిన గడ్డపెరుగు పనికొస్తుంది, ఆ పులుపు క్రీము మొహమొత్తనీయకుండా కాపాడుతుంది. రోటెల్ డబ్బాను మాత్రం నేను మానలేదు. టమాటాలు, ఉల్లిపాయ, రెండు హలపేన్యో పచ్చిమిరపకాయలు కలిపి బాణలిలో నీరు ఇగిరేదాకా మగ్గించి కూడా చూశాను. రుచి బాగానే ఉంది, అయితే అదనంగా పట్టిన సమయానికి తగినంత తేడా మాత్రం కనిపించలేదు. ఏది వాడినా టమాటా నీళ్ళను వడకట్టడం మరవకూడదు, పళ్ళెం అడుగున నీరు చేరేది అక్కడినుంచే.

కారం విషయంలో మనవాళ్ళు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఇక్కడి వంటపుస్తకాల్లో రెండు టేబుల్‌స్పూన్ల చిల్లీ పౌడర్ వేయమని ఉంటే మన డబ్బాలోని గుంటూరు కారం తీసి వేయకూడదు. టెక్సస్ చిల్లీ పౌడర్ అంటే తక్కువ కారం గల ఎండుమిర్చికి జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి కలిపి చేసిన మసాలా. దాన్ని 1890లలో న్యూ బ్రౌన్‌ఫెల్స్‌లో విలియం గెబ్‌హార్ట్ అనే జర్మన్ వలసదారు వ్యాపారంగా తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. అందులో ప్రధానంగా ఉండే ఆంచో మిరపకాయ, పండి ఎండిన పొబ్లానోయే. దాని కారం అతి స్వల్పం, ఎండుద్రాక్షను తలపించే తీపి, మట్టివాసన మాత్రం గాఢంగా ఉంటాయి. నేను మసాలా డబ్బా పక్కనపెట్టి, నాలుగు ఆంచో కాయలు పొడిపెనం మీద వేడిచేసి, వేడినీళ్ళలో నానబెట్టి, జీలకర్ర, వెల్లుల్లితో మెత్తగా రుబ్బి సాసులో కలిపాను. సాసు రంగు ఇటుకరంగుకు తిరిగింది, వంటకానికి అంతవరకూ లేని లోతు వచ్చింది. మా వారు కారం ఇష్టపడే మనిషి కాబట్టి ఆయన వైపు సగానికి సన్నగా తరిగిన హలపేన్యోలు, అర చెంచా మన కారం అదనంగా పడ్డాయి. ఒకే పళ్ళెంలో ఇటు పిల్లలకు, అటు పెద్దలకు వేర్వేరు కారాలు పెట్టుకొనే వీలుండడం ఈ వంటకంలో నాకు బాగా నచ్చిన గుణం. ఏ వైపు ఏదో తెలియడానికి కారం ఉన్న వైపు పైన రెండు మిరపకాయ చక్రాలు పెడితే సరిపోతుంది.

చీజ్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. మాంటెరీ జాక్ బాగా కరుగుతుంది, దానికి మూడోవంతు చెడ్డార్ కలిపితే రుచి తేలుతుంది. తురిమి అమ్మే పొట్లాల్లో ముక్కలు అంటుకోకుండా పిండిపదార్థాలు చల్లి ఉంటారు కాబట్టి అది నున్నగా కరగదు. గడ్డ కొని తురుముకోవడం ఐదు నిమిషాల పని.

మా అత్తయ్యగారు సోమవారం, శనివారం నీచు ముట్టరు. అందువల్ల శాకాహారపు కాసరోల్‌ను కూడా శ్రద్ధగా చేయవలసి వచ్చింది, చివరికి ఇంట్లో అందరూ ఎక్కువ ఇష్టపడింది దాన్నే. పొబ్లానో కాయలను మంటమీద తొక్క నల్లబడేదాకా కాల్చి, గిన్నెలో వేసి మూతపెట్టి, పొట్టు ఊడదీసి నిలువుగా చీలికలు కోసి, ఉడికించిన బ్లాక్ బీన్స్, లేత మొక్కజొన్న గింజలు, ఉల్లిపాయతో కలిపి కోడిమాంసం స్థానంలో వేశాను. సాసులో కోడి ఉడికిన నీళ్ళ బదులు బీన్స్ ఉడికిన నీళ్ళు పోశాను, దానితో రంగు కాస్త నల్లబడినా చిక్కదనం చక్కగా కుదిరింది. నిజానికి ఇలా చేసినప్పుడు వంటకం టెక్సస్‌నుంచి మెక్సికో వైపు, పాస్తెల్ అస్తేకా వైపు జరుగుతుంది. కాల్చిన పొబ్లానో పొగవాసన, మొక్కజొన్న తీపి, సున్నం తగిలిన టోర్టియా ఒకదానికొకటి ఎంత సహజంగా కలుస్తాయో తిన్నప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ శాకాహారులు కొన్ని లేబుళ్ళు జాగ్రత్తగా చదవాలి. ఉడికించి మెదిపిన రీఫ్రైడ్ బీన్స్ డబ్బాల్లో కొన్నిట్లో పందికొవ్వు ఉంటుంది, శాకాహారం అని స్పష్టంగా రాసి ఉన్న డబ్బానే తీసుకోవాలి. సీసాల్లో దొరికే ఎంచిలాడా సాసుల్లో కొన్నిట్లో మాంసపు రసం కలుస్తుంది. చీజ్ విరగబెట్టడానికి వాడే రెన్నెట్ దూడ కడుపునుంచి తీసింది కూడా కావచ్చు, శాకాహార రెన్నెట్ లేదా మైక్రోబియల్ ఎంజైమ్‌లు అని రాసి ఉంటే నిశ్చింతగా వాడవచ్చు. మేము కొన్న దుకాణంలో ఈ ట్రేకు శాకాహార రూపం లేదు. ఇంతమంది భారతీయులు సరుకులు కొనే ప్రాంతంలో అలాంటి ట్రే ఒకటి అమ్మాలని అక్కడి సిబ్బందిని అడిగి వచ్చాను, మిగతావారు కూడా అడిగితే బాగుంటుంది.

ఇక భోజనం బల్ల దగ్గరి సంగతి. మన ఇళ్ళలో రాత్రిపూట దోసెలో పుల్కాలో చేస్తే ఒకరు పెనం దగ్గర నిలబడి వేడివేడిగా వేస్తూ ఉంటారు, మిగతావారు తింటూ ఉంటారు, నిలబడినవారు ఆఖరున, అందరూ లేచిపోయాక తింటారు. మా ఇంట్లో ఆ నిలబడే మనిషిని చాలాసార్లు నేనే, నేను కాకపోతే అత్తయ్యగారు. కాసరోల్ ఓవెన్‌లో ఉన్న నలభై నిమిషాలూ దాని దగ్గర ఎవరూ నిలబడనక్కరలేదు. ఆ సమయంలో గిన్నెలు కడగడం, బల్ల సర్దడం, అబ్బాయి లెక్కలు చూడడం అన్నీ అయిపోతాయి. పళ్ళెం బల్ల మధ్యకు వచ్చాక వడ్డించడానికి కూడా ఎవరూ లేవనక్కరలేదు, ఎవరి ముక్క వారు తీసుకొంటారు. అందరం ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ముగించాం, మధ్యలో లేచింది మంచినీళ్ళకు మాత్రమే. అత్తయ్యగారు మొదటిరోజు ఒకటి రెండుసార్లు అలవాటుగా లేవబోయి, "ఇంక తేవలసిందేమీ లేదా?" అని అడిగి మళ్ళీ కూర్చున్నారు. నేను ఈ వంటకాన్ని ఇంత గట్టిగా సిఫారసు చేయడానికి రుచితో సమానమైన కారణం ఇది.

పక్కన ఏం పెట్టాలన్న దాంట్లో మాత్రం మితం పాటించాలి. ఇందులోనే పిండి, మాంసం, చీజ్ అన్నీ ఉన్నాయి కాబట్టి దీనితో అన్నం కలిపితే భోజనం మరీ బరువవుతుంది. నిమ్మరసం, ఉప్పు చల్లిన క్యాబేజీ తురుము, కీరదోస ముక్కలు, కొత్తిమీర వేసిన పచ్చి ఉల్లిపాయ ముక్కలు సరిగ్గా సరిపోతాయి. అవకాడో ఉంటే మంచిది, లేకపోతే లోటేమీ ఉండదు. భోజనం చివర పెరుగన్నం లేకపోతే తిన్నట్లుండదనేవారికి ఒక చిన్న ముద్ద పెట్టవచ్చు, మా ఇంట్లో పెట్టాం.

మిగిలిన ముక్కలను వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు నిలవ ఉంటాయి. మర్నాడు మైక్రోవేవ్‌లో వేడి చేస్తే టోర్టియా మళ్ళీ మెత్తబడి ముద్దవుతుంది. చల్లగా బిగిసిన ముక్కను పెనం మీద నాలుగు చుక్కల నూనె వేసి, సన్నటి సెగమీద మూతపెట్టి, అడుగు ఎర్రబడేదాకా కాలిస్తే బాగుంటుంది. అంచుల్లో కారిన చీజ్ పెనానికి అంటుకొని కరకరలాడే పలుకుగా మారుతుంది, దానికోసం మా పిల్లలిద్దరూ పోటీపడతారు. ఫ్రీజర్ ట్రే సౌకర్యం కావాలనుకొనేవారు దాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. పళ్ళెంలో ఫాయిల్ పరిచి పొరలు పేర్చి, బేక్ చేయకుండా గడ్డకట్టించి, తరువాత ఫాయిల్‌తో సహా ఎత్తి గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో దాచుకొంటే పళ్ళెం కూడా ఖాళీ అవుతుంది. గాజు పళ్ళేన్ని ఫ్రీజర్‌నుంచి తిన్నగా వేడి ఓవెన్‌లో పెడితే పగిలే ప్రమాదం ఉంది కాబట్టి, వండబోయే ముందురోజు రాత్రే గడ్డను ఫాయిల్ విప్పి పళ్ళెంలో పెట్టి ఫ్రిజ్‌లోకి మార్చుకోవాలి. అలా కరిగిన కాసరోల్ మర్నాడు సాయంత్రం మామూలు సమయానికి కాస్త ఎక్కువలో మధ్యదాకా వేడెక్కుతుంది, థర్మామీటరుతో ఒకసారి చూసుకొని బల్ల మీదికి తేవచ్చు.